రక్తం ఆగని జబ్బుకి కొత్త మందులు: ఏ వార్త ఎవరికి వర్తిస్తుంది?

‘హీమోఫీలియాకి ఒక్క ఇంజెక్షన్‌తో విముక్తి’, ‘వెల్లూరులో జన్యు చికిత్స విజయవంతం’, ‘నెలకోసారి సూది చాలు’. ఈ మూడు రకాల వార్తలూ కొన్నేళ్లుగా పేపర్లలో, యూట్యూబ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. మూడింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. చిక్కేమిటంటే అవి ఒకే మందు గురించి కావు, ఒకే రకం రోగుల గురించీ కావు. ఇచ్ఛాపురంలోనో బొబ్బిలిలోనో హీమోఫీలియా అనే ఈ రక్తం ఆగని జబ్బున్న పిల్లాడి ఇంటికి ఏ మేనమామో ఫోన్ చేసి ‘మందొచ్చేసిందట, ఇంకా ఏటి చూస్తున్నారు’ అంటాడు. ఇంట్లో వాళ్లకి ఆశ, ఆ వెనకే టెన్షన్. వార్తలో ఉన్నది తమ పిల్లాడి జబ్బేనా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

## ‘రక్తం జబ్బు’ అంటే ఏ జబ్బు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ‘రక్తం జబ్బు’ అన్నారంటే అది సికిల్ సెల్ కావచ్చు, తలసేమియా కావచ్చు, హీమోఫీలియా కావచ్చు. 2022 దాకా మన జిల్లాల్లోనే ఉన్న సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు సికిల్ సెల్ పేరు ఎక్కువ వినిపిస్తుంది. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక మైదాన ప్రాంతంలోనూ ఆ మాట పాకింది. పైగా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ మూడింటినీ ‘రక్త రుగ్మతలు’ అనే ఒకే శీర్షిక కింద పెట్టింది. సర్టిఫికెట్ కోసం తిరిగేవాళ్లకి అవి మూడూ ఒకే గాటన కట్టినట్టే కనిపిస్తాయి.

వైద్యపరంగా చూస్తే దారులు వేరు. సికిల్ సెల్, తలసేమియాల్లో లోపం ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌ది. అక్కడ రక్తహీనత వస్తుంది, రక్తం ఎక్కించాల్సి వస్తుంది. హీమోఫీలియా పిల్లాడి రక్తానికి రంగూ, చిక్కదనమూ, హిమోగ్లోబినూ అన్నీ మామూలుగానే ఉంటాయి. కారడం మొదలైతే ఆగే ఏర్పాటులోనే ఒక భాగం తక్కువ. అందుకే సికిల్ సెల్ మందు గురించి వచ్చిన వార్త ఈ ఇంటికి పనికిరాదు, ఈ ఇంటి వార్త ఆ ఇంటికి పనికిరాదు.

## రక్తం గడ్డకట్టడం ఎలా జరుగుతుంది?

వేలు తెగితే మొదట ఆ రక్తనాళం ముడుచుకుంటుంది. క్షణాల్లో ప్లేట్‌లెట్లు చేరి తెగిన చోటుని మూస్తాయి. ప్లేట్‌లెట్లు నాళం గోడని పట్టుకుని నిలబడడానికి వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ సాయపడుతుంది. ఇంతవరకూ జరిగింది తాత్కాలికం. దాని మీద గట్టి గడ్డ ఏర్పడాలంటే ప్లాస్మాలోని, అంటే రక్తపు ద్రవభాగంలోని, ‘ఫ్యాక్టర్లు’ అనే పదార్థాలు పనిచేయాలి. వీటికి 1 నుంచి 13 దాకా అంకెలున్నాయి. 6 మాత్రం లేదు. ముందు ఆ అంకె ఇచ్చిన పదార్థం కొత్తదేమీ కాదని, 5వ ఫ్యాక్టర్‌కే మరో రూపమని తర్వాత తేలి తీసేశారు.

ఒక ఫ్యాక్టర్ మేలుకుని ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని. ఈ వరసని 1964లో బ్రిటన్‌లో మెక్‌ఫర్లేన్, అమెరికాలో డేవీ, రాట్నాఫ్ విడివిడిగా ప్రతిపాదించారు. వరస చివర థ్రాంబిన్ పుడుతుంది, అది ఫైబ్రినోజన్‌ని ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగుల్ని అడ్డంగా కుట్టి గట్టిపరిచే పని 13వ ఫ్యాక్టర్‌ది. మన కథకి ముఖ్యమైన ఘట్టం మధ్యలో ఉంది: 9వ ఫ్యాక్టర్, 8వ ఫ్యాక్టర్ సాయంతో 10వ ఫ్యాక్టర్‌ని లేపడం. 8 లేకపోతే ఈ పని జరగనట్టే. 8 తక్కువైతే హీమోఫీలియా ఎ, 9 తక్కువైతే హీమోఫీలియా బి. ప్రపంచవ్యాప్తంగా ‘ఎ’ సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి కనిపిస్తుంది. ‘బి’ అంతకంటే బాగా అరుదు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. హీమోఫీలియా ఉన్నవాడికి ముల్లు గుచ్చుకుంటే ప్రాణం పోతుందనుకుంటారు. ప్లేట్‌లెట్లు బాగానే ఉంటాయి కాబట్టి చిన్న గీతలు, గాట్లు చాలావరకు వాటంతట అవే ఆగుతాయి. అసలు ప్రమాదం పైకి కనిపించని చోట ఉంటుంది: కీళ్లలో, కండల్లో, మెదడులో.

గడ్డకట్టించే వాటితో పాటు ఆ పనిని అదుపులో పెట్టే ప్రొటీన్లు కూడా రక్తంలోనే ఉంటాయి. యాంటీథ్రాంబిన్, ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, టీఎఫ్‌పీఐ వాటి పేర్లు. అవి లేకపోతే వేలికి తగిలిన గాయం మూసుకున్నాక కూడా గడ్డ పెరుగుతూనే పోతుంది. ఈ అదుపు సంగతి గుర్తుంచుకోండి, కొత్త మందుల్లో సగం దీని చుట్టూ తిరిగేవే.

## రక్తపింజరి కాటుకీ దీనికీ తేడా

రక్తం గడ్డకట్టకపోవడం అంటే పొలం పనులు చేసేవాళ్లకి ముందు గుర్తొచ్చేది రక్తపింజరి. ఆ పాము కరిచినవాళ్లని తీసుకెళ్తే ఆసుపత్రిలో చేసే పరీక్ష చాలా మామూలుది. శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెడతారు. తర్వాత గొట్టాన్ని మెల్లగా వంచుతారు. రక్తం ముద్దగా నిలిస్తే గడ్డకట్టినట్టు, నీళ్లలా జారితే విషం ఎక్కినట్టు.

ఆ విషం చేసే పని వింతగా ఉంటుంది. అది గడ్డకట్టడాన్ని ఆపదు, నిజానికి 5, 10 ఫ్యాక్టర్లని అతిగా రెచ్చగొడుతుంది. శరీరంలో ఉన్న ఫైబ్రినోజన్ అంతా ఎక్కడికక్కడ ఖర్చైపోతుంది. ఆ తర్వాత అవసరమైన చోట గడ్డకట్టడానికి సరుకు ఉండదు. నిన్నటిదాకా బాగున్న మనిషికి వచ్చిన లోపం అది, విషానికి విరుగుడు ఇస్తే సర్దుకుంటుంది. డెంగీలో తగ్గేది ప్లేట్‌లెట్లు. అదీ తాత్కాలికమే. హీమోఫీలియా పుట్టుకతో వచ్చేది. వరసలో ఒక్క అంకె మాత్రమే ఖాళీ, అది జీవితాంతం ఖాళీ.

## రిపోర్టులో ఏముంటుంది?

ఒక ఊహాజనిత రిపోర్టు తీసుకుందాం. నాలుగేళ్ల పిల్లాడు, పాలపన్ను దగ్గర దెబ్బ తగిలి రెండు రోజులుగా రక్తం కారుతోంది. ప్లేట్‌లెట్లు 2 లక్షల 90 వేలు. పీటీ 13 సెకన్లు, కంట్రోల్ (పోల్చడానికి ఆరోగ్యవంతుల ప్లాస్మాతో చేసేది) కూడా 13. ఏపీటీటీ 86 సెకన్లు, కంట్రోల్ 32.

పీటీ, ఏపీటీటీ రెండూ ప్లాస్మా గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని రెండు వేర్వేరు దారుల్లో కొలుస్తాయి. పీటీ దారిలో 7వ ఫ్యాక్టర్ ఉంటుంది. ఏపీటీటీ దారిలో 8, 9, 11, 12 ఉంటాయి. చివరి భాగం రెండింటికీ ఉమ్మడి. ఈ పిల్లాడికి పీటీ మామూలుగా ఉండి ఏపీటీటీ ఒక్కటే పెరిగింది కాబట్టి అనుమానం 8 మీదో 9 మీదో పడుతుంది. తర్వాత పిల్లాడి ప్లాస్మాని ఆరోగ్యవంతుల ప్లాస్మాతో సగానికి సగం కలిపి మళ్లీ చూస్తారు. సమయం మామూలుకొస్తే ఏదో ఒకటి తక్కువైందని అర్థం. రాకపోతే రక్తంలో ఫ్యాక్టర్‌ని అడ్డుకునేదేదో ఉన్నట్టు. చివరిగా ఏ ఫ్యాక్టర్ ఎంత శాతం ఉందో కొలుస్తారు. 1 శాతం కన్నా తక్కువైతే తీవ్రం, 1 నుంచి 5 దాకా మధ్యస్థం, 5 నుంచి 40 దాకా స్వల్పం.

ఈ చివరి అంకె లేకుండా ‘హీమోఫీలియా’ అన్న ఒక్క మాటతో ఏ మందు వార్తనీ అంచనా వేయలేం. మన దగ్గర చాలా ఇళ్లలో ఫైలు తిరగేస్తే పీటీ, ఏపీటీటీ కాగితాలు దొంతరగా ఉంటాయి, ఫ్యాక్టర్ శాతం ఉన్న కాగితం వెతుక్కోవాలి. ఆ పరీక్షకి చాలామంది విశాఖ దాకా వెళ్లాల్సి రావడం ఒక కారణం. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి విశాఖ 100 కిలోమీటర్ల పైచిలుకు. ఇచ్ఛాపురం నుంచి 200 పైమాటే. అక్కడివాళ్లకి విశాఖ కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గర.

రిపోర్టులన్నీ మామూలుగా ఉండి కూడా రక్తం ఆగని పిల్లలుంటారు. బొడ్డు ఊడినప్పుడు మొదలై రోజుల తరబడి రక్తం ఊరుతూ ఉంటే 13వ ఫ్యాక్టర్ లోపాన్ని అనుమానించాలి. దాని పని గడ్డ ఏర్పడ్డాక మొదలవుతుంది కాబట్టి పీటీకీ, ఏపీటీటీకీ అది దొరకదు. వేరే పరీక్ష చేయాలి. పట్టుకుంటే మాత్రం వైద్యం కాస్త సులువు. ఆ ఫ్యాక్టర్ రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది కనుక నెలకోసారి ఎక్కిస్తే సరిపోతుంది.

## మోకాలి వాపు అనే మోసం

తీవ్ర హీమోఫీలియా ఉన్న పిల్లాడు పాకడం, నడవడం మొదలుపెట్టాకే సాధారణంగా అది బయటపడుతుంది. మోకాలి మీద కమిలిన మచ్చలు, తర్వాత ఏదో ఒకరోజు కీలు వాపు. ముందు కీలు లోపల జిలజిలమంటుంది. తర్వాత వేడిగా, బిగుతుగా, చర్మం నిగనిగలాడేలా ఉబ్బుతుంది. పిల్లాడు మోకాలు సగం మడిచి, కింద తలగడ పెట్టుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వడు. పైన గాయం లేదు, రక్తం చుక్క కనిపించదు. దాంతో ఊళ్లో అది బెణుకో, వాతమో అవుతుంది. నూనె రాసి తోముతారు, కాపడం పెడతారు. అప్పటికీ తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికి కండలో ఇంజెక్షన్.

ఈ మూడూ ఎందుకు నష్టమో లోపల జరుగుతున్నదాన్ని బట్టి అర్థమవుతుంది. తోమితే తెగిన చిన్న నాళాలు మళ్లీ తెగుతాయి. వేడికి రక్తప్రసరణ పెరుగుతుంది. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రకం మందులు ప్లేట్‌లెట్లని మందగింపజేస్తాయి. పిల్లాడికి సాయంగా మిగిలింది ఆ ప్లేట్‌లెట్లే. పైగా కండలో దిగిన సూది ఆ కండలోనే ఇంకో రక్తపు గడ్డని తయారుచేస్తుంది. కీలులో చేరిన రక్తంలోని ఇనుము లోపలి పొరని వాచేలా చేస్తుంది. వాచిన పొర ఇంకా తేలిగ్గా చిట్లుతుంది. అలా ఒకే కీలు పదేపదే దెబ్బతిని ఇరవై ఏళ్లకే కాలు వంకర తేలిన కుర్రాళ్లు ఉంటారు. కొత్త మందుల పరిశోధన అంతా ఈ కీలుని కాపాడడం కోసమేనని చెప్పినా తప్పులేదు.

## మేనరికం వల్లే వచ్చిందా?

మన వైపు అందరూ ముందు అడిగే ప్రశ్న ఇది. జవాబు: కొన్ని జబ్బుల్లో అవును, హీమోఫీలియా మొదలవడానికి మాత్రం కాదు.

8, 9 ఫ్యాక్టర్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాడికి ఒకటే ఎక్స్, అది తల్లి ఇచ్చింది; తండ్రి ఇచ్చేది వై. ఆడపిల్లకి రెండు, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. లోపం ఉన్న ఎక్స్ ఒకటి ఉన్న తల్లి క్యారియర్. ఆమె కొడుకుల్లో ప్రతి ఒక్కరికీ జబ్బు వచ్చే అవకాశం సగం, కూతుళ్లలో ప్రతి ఒక్కరూ క్యారియర్ అయ్యే అవకాశం సగం. తండ్రి మేనరికమా, బయటి సంబంధమా అన్నదానితో దీనికి పనిలేదు. సుమారు మూడో వంతు కేసుల్లో కుటుంబంలో ముందెవరికీ ఉండదు, జన్యువులో మార్పు కొత్తగా పుడుతుంది. కాబట్టి అత్తింటివాళ్లు కోడలి వంశాన్ని తవ్వడం, కోడలి పుట్టింటివాళ్లు మేనరికాన్ని తిట్టుకోవడం రెండూ చాలాసార్లు గురి తప్పినవే.

ఇప్పుడు జబ్బున్న కుర్రాడి పెళ్లి సంగతి. అప్పలనాయుడు అనే అతనికి తీవ్ర హీమోఫీలియా ఎ ఉందనుకుందాం. తల్లి క్యారియర్. ఇంట్లో మూడు మేనరికం సంబంధాలు అనుకుంటున్నారు.

మేనత్త కూతురు: అప్పలనాయుడి జబ్బు ఎక్స్ తల్లి నుంచి వచ్చింది. మేనత్త తండ్రి వైపు మనిషి. ఈ జబ్బు వరకూ ఆ పిల్ల బయటి పిల్లతో సమానం. కొడుకులందరికీ అతను వై ఇస్తాడు కాబట్టి వాళ్లకి జబ్బు రాదు. కూతుళ్లందరూ క్యారియర్లు.

మేనమామ కూతురు: మేనమామకి జబ్బు లేకపోతే అతని ఎక్స్ మంచిదే, కూతురికి అటు నుంచి భయం లేదు. మేనమామకీ జబ్బు ఉంటే మాత్రం ఆ కూతురు కచ్చితంగా క్యారియర్. అప్పుడు పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు అవకాశం సగం. ప్రతి కూతురికీ తండ్రి నుంచి లోపం ఉన్న ఎక్స్ ఎలాగూ వస్తుంది, తల్లి నుంచి కూడా వచ్చే అవకాశం సగం. రెండూ వస్తే ఆడపిల్లకి పూర్తి హీమోఫీలియా.

అక్క కూతురు: అక్క క్యారియర్ అయ్యే అవకాశం సగం, ఆమె కూతురు అయ్యే అవకాశం అందులో సగం, అంటే నాలుగో వంతు. పరీక్ష చేయించకుండా చూస్తే పుట్టే ప్రతి బిడ్డకీ, ఆడైనా మగైనా, జబ్బు అవకాశం ఎనిమిదిలో ఒకటి.

మూడూ మేనరికాలే, లెక్కలు మూడు రకాలు. మేనరికం హీమోఫీలియాని పుట్టించదు. ఉన్న ఇంట్లో కొన్ని వరసల్లో ఆడపిల్లల దాకా తీసుకొస్తుంది.

మిగతా అరుదైన జబ్బుల సంగతి వేరు. 7, 10, 13 ఫ్యాక్టర్ల లోపాలు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోలేని గ్లాంజ్‌మన్ జబ్బు, వాన్ విల్లిబ్రాండ్ జబ్బులో తీవ్రమైన మూడో రకం, వీటికి తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కో లోపం రావాలి. వరసైన బావామరదళ్ల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్ల జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. తాతగారి దగ్గర దాగిన ఒకే లోపం ఇద్దరి దగ్గరికీ చేరే వీలు అక్కడుంది. ఇద్దరూ ఆరోగ్యంగా తిరుగుతుంటారు, పుట్టే ప్రతి బిడ్డకీ మాత్రం నాలుగో వంతు ప్రమాదం. దక్షిణాదిలో ఈ జబ్బుల విషయంలో మేనరికాన్ని తప్పుపట్టడానికి ఆధారం ఉంది.

## పాత మందు లెక్క: యూనిట్లు, గంటలు

1960ల మధ్య దాకా ప్లాస్మా ఎక్కించడమే వైద్యం. అమెరికాలో జుడిత్ పూల్ ఫ్రీజర్‌లో మంచులా గడ్డకట్టించిన ప్లాస్మాని మెల్లగా కరిగిస్తే అడుగున 8వ ఫ్యాక్టర్ చిక్కగా మిగులుతుందని గుర్తించారు. అదే క్రయో. తర్వాత వేలమంది ప్లాస్మా కలిపి పొడి మందులు చేశారు, వాటితో పాటే 1980ల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి ఎందరికో అంటుకున్నాయి. 1984లో 8వ ఫ్యాక్టర్ జన్యువుని వేరుచేయడంతో రక్తంతో పనిలేకుండా మందు తయారుచేసే దారి దొరికింది.

20 కిలోల పిల్లాడి మోకాలిలో రక్తస్రావం అయిందనుకుందాం. కిలోకి ఒక యూనిట్ ఇస్తే 8వ ఫ్యాక్టర్ 2 శాతం పెరుగుతుంది. 40 శాతానికి తేవాలంటే కిలోకి 20 చొప్పున 400 యూనిట్లు. ఇది నరానికి ఎక్కించాలి. 8వ ఫ్యాక్టర్ సుమారు 12 గంటల్లో సగమవుతుంది. 40, 20, 10, 5, 2.5, 1.25. అరవై గంటలు గడిచేసరికి పిల్లాడు మొదటికొస్తాడు. అందుకే రక్తస్రావం రాకుండా ముందుజాగ్రత్తగా ఇవ్వాలంటే వారానికి మూడుసార్లు నరం వెతకాలి.

కిలోకి 25 యూనిట్లు వారానికి మూడుసార్లంటే ఈ పిల్లాడికి ఏడాదికి 78,000 యూనిట్లు. ధనిక దేశాల పద్ధతి అది. మన దేశం, చైనా, థాయిలాండ్ డాక్టర్లు తక్కువ మోతాదుని పరీక్షించారు. కిలోకి 10 చొప్పున వారానికి రెండుసార్లయితే ఏడాదికి 20,800. దెబ్బ తగిలాక ఇవ్వడం కన్నా ఇది ఎంతో మేలని తేలింది. అయితే తక్కువ మోతాదుతో పైకి కనిపించని చిన్న చిన్న రక్తస్రావాలు కీళ్లని మెల్లగా తినేయవా అన్నది కొందరు నిపుణుల అభ్యంతరం. ఉన్న బడ్జెట్‌తో ఎక్కువ మంది పిల్లల్ని బడికి పంపగలిగితే అదే సరైన వైద్యం అనేది అవతలివాళ్ల వాదన. ఇద్దరి మాటలోనూ పస ఉంది. నాకైతే ఇచ్ఛాపురం నుంచి వారానికి మూడుసార్లు ఆసుపత్రికి రమ్మనడం కాగితం మీద తప్ప జరగని వైద్యంలా కనిపిస్తుంది.

2023లో అమెరికాలో అనుమతి పొందిన ఎఫానెసోక్టోకాగ్ ఆల్ఫా ఈ గంటల లెక్కనే మార్చింది. అది సగమవడానికి దాదాపు 40 గంటలు పడుతుంది కాబట్టి వారానికి ఒకసారి చాలు. ఇదీ 8వ ఫ్యాక్టరే, ‘బి’ వాళ్లకి పనికిరాదు.

## ‘నెలకోసారి సూది’ వార్త

ఇది ఎమిసిజుమాబ్ గురించి. తీవ్ర హీమోఫీలియా ఎ ఉన్నవాళ్లలో పాతిక నుంచి ముప్పై శాతం మందికి బయటి నుంచి ఇచ్చిన 8వ ఫ్యాక్టర్‌ని శరీరం పరాయిదనుకుని దాని మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. వీటినే ఇన్హిబిటర్లు అంటారు. అప్పుడు ఎంత ఫ్యాక్టర్ ఎక్కించినా వృథా. ఈ పరిస్థితి కోసం పుట్టిన మందు ఇది.

దీనిలో 8వ ఫ్యాక్టర్ అసలు లేదు. ఇది రెండు చేతులున్న యాంటీబాడీ. ఒక చేత్తో 9ని, ఇంకో చేత్తో 10ని పట్టుకుని పెళ్లిళ్ల పేరయ్యలా ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడుతుంది. 8 చేయాల్సిన పని అదే. 8లా కనిపించదు కాబట్టి ఇన్హిబిటర్లు దీన్ని గుర్తుపట్టవు. ఇన్హిబిటర్లున్న వాళ్ల మీద జరిగిన మొదటి పెద్ద ట్రయల్‌లో రక్తస్రావాలు 87 శాతం తగ్గాయి. అమెరికాలో 2017లో ఇన్హిబిటర్లున్న వాళ్లకి, 2018లో లేనివాళ్లకి కూడా అనుమతి వచ్చింది. మన దేశంలోనూ వాడుతున్నారు. 2024లో కేరళ 18 ఏళ్ల లోపు పిల్లలకి దీన్ని ప్రభుత్వం తరఫున ఇవ్వాలని నిర్ణయించింది.

ఇది నరానికి కాదు, చర్మం కింద వేసే సూది. మొదటి నాలుగు వారాలు వారం వారం, తర్వాత వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి. మన 20 కిలోల పిల్లాడికి రెండు వారాలకోసారి 60 మి.గ్రా. నరం దొరకని పసివాళ్లకి, ఆసుపత్రికి దూరంగా ఉన్న ఊళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

ఇక పరిమితులు. ఇది హీమోఫీలియా ‘ఎ’కి మాత్రమే. రోజువారీ రక్షణ ఇస్తుంది గానీ పెద్ద దెబ్బ తగిలినా, ఆపరేషన్ పడినా ఫ్యాక్టర్ కావాల్సిందే. ఇది ఒంట్లో ఉండగా ఏపీటీటీ చేస్తే మామూలుగా వచ్చేస్తుంది. రోగికి జబ్బు పోయిందని కాదు, పరీక్ష మోసపోయిందని. దీని సంగతి తెలియని ల్యాబ్‌లో ఆ కాగితం చూసి పన్ను పీకేయడానికి సిద్ధపడే ప్రమాదం ఉంది. ఖరీదు కూడా ఎక్కువే. అందుకే మోతాదు తగ్గించి ఇచ్చే ప్రయత్నాలు మన దేశంలో సాగుతున్నాయి.

## అదుపు తగ్గించే మందులు

హీమోఫీలియాతో పాటు గడ్డలు ఎక్కువగా కట్టే జన్యులోపం కూడా ఉన్న కొందరిలో రక్తస్రావం తక్కువగా ఉండడం డాక్టర్లు గమనించారు. లేని ఫ్యాక్టర్‌ని నింపే బదులు అదుపుచేసే ప్రొటీన్‌ని కాస్త తగ్గిస్తే సరిపోదా అన్న ఆలోచనకి అది బలమిచ్చింది. కాన్సిజుమాబ్, మార్‌స్టాసిమాబ్ టీఎఫ్‌పీఐని అడ్డుకుంటాయి. ఫిటుసిరాన్ కాలేయంలో యాంటీథ్రాంబిన్ తయారీని తగ్గిస్తుంది. మొదటి రెండూ 2024లో, మూడోది 2025 మార్చిలో అమెరికాలో అనుమతి పొందాయి. ఫిటుసిరాన్ కొందరికి ఏడాదికి ఆరు సూదులతో సరిపోతుంది.

‘బి’ వాళ్లు శ్రద్ధగా చదవాల్సిన వార్త ఇదే, ఎందుకంటే ఈ మందులు ఎ, బి రెండింటికీ పనిచేస్తాయి. భయం కూడా ఇక్కడే ఉంది. ఫిటుసిరాన్ ట్రయల్స్‌లో కొందరికి రక్తనాళాల్లో గడ్డలు కట్టాయి, మరణాలూ జరిగాయి. ట్రయల్స్ ఆపి, మోతాదు తగ్గించి, యాంటీథ్రాంబిన్ 15 నుంచి 35 శాతం మధ్య ఉండేలా రక్తపరీక్షలతో చూసుకుంటూ మళ్లీ మొదలుపెట్టారు. సూదులు తక్కువే అయినా మధ్యలో పరీక్షలు తప్పవన్నమాట.

## జన్యు చికిత్స: రెండు వేర్వేరు వార్తలు

విదేశాల నుంచి వచ్చే ‘ఒక్క ఇంజెక్షన్’ వార్త ఒక రకం. హాని చేయని వైరస్‌లో మంచి జన్యువుని పెట్టి నరంలోకి ఎక్కిస్తారు, అది కాలేయ కణాల్లోకి చేరి ఫ్యాక్టర్ తయారుచేయిస్తుంది. 9వ ఫ్యాక్టర్‌కి ఇది నిలకడగా పనిచేస్తోంది. బ్రిటన్, అమెరికా పరిశోధకులు మొదట్లో ఈ చికిత్స చేసిన 10 మందిని సగటున 13 ఏళ్లు గమనించి 2025లో ఫలితాలు ప్రకటించారు, ఫ్యాక్టర్ తయారీ ఇంకా సాగుతోంది. 2022లో అమెరికాలో అనుమతి వచ్చిన హెమ్‌జెనిక్స్ అనే ‘బి’ జన్యు చికిత్స వెనక ఒక చమత్కారం ఉంది. ఇటలీలోని పాడువాలో కాలిలో గడ్డకట్టిన ఒక యువకుడిలో మామూలు కన్నా ఎనిమిది రెట్లు చురుకైన 9వ ఫ్యాక్టర్ దొరికింది. అతనికి జబ్బు తెచ్చిన ఆ మార్పునే ఇప్పుడు మందులో వాడుతున్నారు. అనుమతి వచ్చినప్పుడు దాని ధర 35 లక్షల డాలర్లు, అప్పటి మన లెక్కలో సుమారు 29 కోట్ల రూపాయలు.

8వ ఫ్యాక్టర్‌కి వచ్చిన రోక్టావియన్‌లో మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఫ్యాక్టర్ తగ్గుతోంది. ఈ రకం చికిత్స పిల్లలకి ఇవ్వరు, ఎదిగే కాలేయంలో కొత్త కణాలు పుడుతూ ఆ జన్యువు పలచబడుతుంది. అలాంటి వైరస్ ముందే సోకి యాంటీబాడీలున్న వాళ్లకి సాధారణంగా కుదరదు. ఫైజర్ తన ‘బి’ జన్యు చికిత్సకి 2024లో అనుమతి తెచ్చుకుని, కొనేవాళ్లు కరువై 2025లో ఆపేసింది. పనిచేసే మందులు వేరే ఉండగా ఎవరు సాహసిస్తారని కొందరంటారు. జీవితాంతం సూదులు పొడిపించుకునేవాడిని అడిగితే తెలుస్తుందని ఇంకొందరు.

వెల్లూరు వార్త పూర్తిగా వేరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) డాక్టర్లు, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంతో కలిసి, తీవ్ర హీమోఫీలియా ఎ ఉన్న 22 నుంచి 41 ఏళ్ల ఐదుగురిపై చేశారు. 2024 డిసెంబరులో ప్రచురితమైంది. రోగి రక్తకణాల్ని పుట్టించే మూలకణాలనే తీసి, బయట మంచి జన్యువు చేర్చి, కీమోథెరపీ ఇచ్చి, తిరిగి ఎక్కించారు. అందరికీ కలిపి 81 నెలల గమనింపులో ఒక్క రక్తస్రావం కూడా లేదు. వైరస్ యాంటీబాడీల అడ్డు దీనికి లేదు, మూలకణాల్లోనే చేరింది కాబట్టి కణాలు విడిపోయినా జన్యువు పోదు. కానీ ‘ఒక్క ఇంజెక్షన్’ అనడం ఎంత తప్పో కీమోథెరపీ అన్న ఒక్క మాట చెబుతుంది. ఐదుగురి అనుభవం అది. ఎక్కువ మందిలో, ఎక్కువ ఏళ్లు చూడాల్సి ఉంది.

ఏ జన్యు చికిత్సా వీర్యకణాల్లోని జన్యువుని మార్చదు. ఫ్యాక్టర్ మామూలైన తండ్రికి పుట్టే ఆడపిల్లలందరూ క్యారియర్లే.

## ఇంటి ఆడవాళ్ల లెక్క

క్యారియర్ అంటే మోసుకెళ్లే మనిషే తప్ప ఆమెకేం కాదనుకునేవారు. కొందరు క్యారియర్లలో ఫ్యాక్టర్ 40 శాతం కన్నా తక్కువుంటుంది. అలాంటివాళ్లని స్వల్ప హీమోఫీలియా రోగులుగానే లెక్కించాలని అంతర్జాతీయ నిపుణులు 2021లో కొత్త పేర్లు ఖరారు చేశారు. కాన్పప్పుడు, ఆపరేషన్లప్పుడు ఆ తేడా పనికొస్తుంది.

అన్నింటికన్నా ఎక్కువ మందిలో ఉండి, అన్నింటికన్నా తక్కువగా పట్టుబడేది వాన్ విల్లిబ్రాండ్ జబ్బు. ఇది ఆడా మగా ఇద్దరికీ వస్తుంది. 1926లో ఫిన్లాండ్ డాక్టర్ ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ దీన్ని వర్ణించింది ఆలాండ్ దీవుల్లోని ఒక చిన్నపిల్లని చూసి. ఆ పిల్ల 13 ఏళ్లకి, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. మన దగ్గర నెలసరి ఎక్కువ అవుతోందంటే వేడి చేసిందనో, గర్భసంచి బాగోలేదనో అంటారు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న వాళ్లు మన రాష్ట్రంలో ఎక్కువన్నది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో కనిపించే సంగతే. వాళ్లలో కొందరి లోపం గర్భసంచిలో కాక రక్తంలో ఉండే అవకాశాన్ని ఎవరూ చూడరు. స్వల్ప రకాలకి డెస్మోప్రెసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్ వంటి చవకైన మందులతోనే చాలావరకు సరిపోతుంది.

క్యారియర్ పరీక్ష విషయంలో ఒక క్రమం ఉంది. జబ్బున్న పిల్లాడి అక్కకి ఫ్యాక్టర్ 8 కొలిస్తే 90 శాతం వచ్చిందని, ఆమె క్యారియర్ కాదని అనుకోకూడదు. రెండో ఎక్స్ పనిచేస్తుండగా అంకె మామూలుగానే ఉండొచ్చు, గర్భంలో ఇంకా పెరుగుతుంది. జన్యుపరీక్షే చేయాలి, అదీ ముందు జబ్బున్న పిల్లాడి రక్తంలో. తీవ్ర హీమోఫీలియా ఎ కేసుల్లో సగానికి కాస్త తక్కువ మందిలో కనిపించేది ఒకే మార్పు, 8వ ఫ్యాక్టర్ జన్యువులో ఇంట్రాన్ 22 అనే చోట ఒక ముక్క తిరగబడడం. మొదట దాని కోసం చూస్తారు, లేకపోతే జన్యువంతా వెతుకుతారు. పిల్లాడిలో మార్పేమిటో తెలిశాక తల్లికి, అక్కకి, పిన్నికి, పెళ్లీడుకొచ్చిన మేనకోడలికి ఆ ఒక్కదాని కోసం చూస్తే చాలు. గర్భిణికైతే 11వ వారం తర్వాత మావి నుంచి చిన్న ముక్క తీసి చూడగలరు, కానీ పిల్లాడి మార్పు అప్పటికే తెలిసి ఉండాలి. కడుపులో మూడో నెల బిడ్డతో వచ్చి అప్పుడు వెతకడం మొదలుపెడితే రిపోర్టు వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది.